కాన్సస్ మద్యం దుకాణాల్లో ఇతర సరుకులపై 20 శాతం పరిమితి ఉండాలా, పోవాలా?

విచిటా దుకాణదారు:

కాన్సస్ రాష్ట్రంలో మద్యం దుకాణాలు నడుపుతున్న తెలుగువారిలో నేనూ ఒకడిని. 2019 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడి కిరాణా దుకాణాలకూ గ్యాస్ స్టేషన్లకూ (పెట్రోల్ బంకులకూ) 6 శాతం ఆల్కహాల్ వరకు ఉన్న బీరు అమ్ముకునే వీలు కల్పించారు. అందుకు బదులుగా మా దుకాణాల్లో ఐస్, సోడా, చిప్స్, గ్లాసుల వంటివి పెట్టుకోవచ్చన్నారు, కానీ అలాంటి సరుకుల అమ్మకం మొత్తం అమ్మకాల్లో 20 శాతం దాటరాదని షరతు పెట్టారు. ఆ షరతును ఎత్తివేయాలన్నది నా వాదన. కాదనేవారు కారణాలు చెప్పాలని కోరుతున్నాను.

అంతకు ముందున్న పరిస్థితి తెలియనివారి కోసం ఒక మాట. రమ్ము కొన్న మనిషికి అందులో కలుపుకునే కోక్ అమ్మే హక్కు మద్యం దుకాణానికి ఉండేది కాదు. అందువల్ల కొందరు అదే గోడను ఆనుకుని మరో గది తీసుకుని వేరే తలుపు, వేరే కౌంటర్, వేరే బిల్లు పెట్టుకునేవారు. రెండు గదుల మధ్య లోపలి నుంచి దారి ఉండకూడదు కాబట్టి, కొనడానికి వచ్చినవారు జనవరి చలిలో సీసా చేతపట్టుకుని బయటికి నడిచి, పక్క తలుపు తీసుకుని లోపలికి వెళ్లి ఐస్ సంచీ కొనుక్కోవలసి వచ్చేది. ఆ అవస్థ తప్పినందుకు సంతోషమే.

అయితే మిగిలిన లెక్కను జాగ్రత్తగా చూడండి. 20 శాతం అంటే, ఒక డాలరు చిప్స్ అమ్మాలంటే నాలుగు డాలర్ల మద్యం అమ్మి ఉండాలి. మద్యం అమ్మకాలు పడిపోయి, ఇతర సరుకుల ఆసరా ఎక్కువగా కావలసి వచ్చినప్పుడే ఆ ఆసరా కూడా తగ్గిపోతుంది. తాగుడును అదుపులో పెట్టాలని రాసిన నిబంధనే అయితే, అది చివరికి దుకాణదారుణ్ణి మరిన్ని సీసాలు అమ్ముకోమని తోస్తోంది. 1881 నుంచి 1948 దాకా మద్యాన్ని నిషేధించిన రాష్ట్రంలో ఇలాంటి లెక్క చెల్లుబాటు కావడం నాకు అంతుపట్టడం లేదు.

ఓవర్‌ల్యాండ్ పార్క్ నివాసి:

నేనూ కాన్సస్‌లోని ఓవర్‌ల్యాండ్ పార్క్ నగరవాసినే. మీ ఇబ్బంది అర్థమైంది గానీ, మీరు అడుగుతున్న పరిష్కారాన్ని నేను ఒప్పుకోలేను. మీది మద్యం దుకాణమా, మద్యం కూడా అమ్మే కిరాణా దుకాణమా అన్నది తేల్చేది ఆ శాతమే. అది పోయిన రోజున మీరు పాలు, రొట్టెలు పెడతారు. అదే న్యాయం చూపించి గ్యాస్ స్టేషన్లు విస్కీ పెట్టుకుంటామంటాయి, అప్పుడు కాదనడానికి మీ దగ్గర కూడా కారణం ఉండదు.

మా ఇంట్లో తాగుడు మానేసిన మనిషి ఉన్నారు. ఆయన ఫలానా వీధిలో ఫలానా దుకాణం వైపు వెళ్లకూడదని తనకు తాను కట్టుబాటు పెట్టుకుని నిలబడ్డారు. పాల కోసం వెళ్లిన చోట కౌంటర్ వెనక విస్కీ సీసాలు వరుసగా కనబడితే ఆ కట్టుబాటుకు అర్థమేముంది? బీరు ఇప్పటికే అక్కడికి చేరిందని మీరనవచ్చు. ఒకటి చేరింది కాబట్టి మిగిలినవన్నీ చేరాలనడం నాకు సమ్మతం కాదు.

డెన్వర్ పాఠకుడు:

మా కొలరాడో రాష్ట్ర అనుభవం ఇక్కడ పనికొస్తుంది. మా దగ్గర 2016లో చేసిన చట్టం కూడా మద్యం దుకాణాల్లో మద్యం కాని సరుకుల అమ్మకానికి 20 శాతమే హద్దుగా పెట్టింది. ఆ హద్దు అలాగే ఉండగా 2019 జనవరిలో ఆల్కహాల్ తగ్గించని పూర్తిస్థాయి బీరూ, 2022 నవంబరులో ఓటర్లు ఆమోదించాక 2023 మార్చి 1 నుంచి వైనూ కిరాణా దుకాణాల్లోకి వచ్చాయి. కాబట్టి చిన్న దుకాణాల మీద పెట్టిన హద్దు, పాల పక్కకు మద్యం రాకుండా ఆపుతుందన్న నమ్మకానికి మా రాష్ట్రంలో ఆధారం దొరకదు. ఓక్లహోమాలో కూడా 2018 అక్టోబరు నుంచి ఇదే 20 శాతం ఉంది.

శాతం వద్దు, జాబితా పెడదామనేవారు న్యూయార్క్ చట్టాన్ని ఒకసారి చదవాలి. అక్కడ రాసుకున్న జాబితాలో ఐస్, లాటరీ టికెట్లు, వైన్ గ్లాసులు, గ్యాసూ రుచీ కలపని నీళ్లు ఉన్నాయి. జాబితాలో పేరు లేని ప్రతి వస్తువు కోసం మళ్లీ శాసనసభ గడప ఎక్కవలసిందే.

విచిటా దుకాణదారు:

ఓవర్‌ల్యాండ్ పార్క్ వారికి నా జవాబు ఇది. మీ ఇంటి మనిషి గురించి చెప్పిన మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. కానీ కాన్సస్ చట్టం 20 శాతం లెక్క నుంచి వేటిని మినహాయించిందో చూడండి: లాటరీ టికెట్లను, సిగరెట్లను, పొగాకు ఉత్పత్తులను. నేను సిగరెట్ పెట్టెలు ఎన్ని అమ్మినా ఆ పరిమితికి అడ్డు రావు, మంచినీళ్ల సీసా అమ్మితే మాత్రం లెక్కలోకి వస్తుంది. మనుషుల ఆరోగ్యం కోసమే ఈ హద్దు అయితే, పొగాకును బయట ఉంచి నీటిని లోపల పెట్టడానికి కారణం ఎవరు చెప్పగలరు? తాగే మనిషి మధ్యలో ఒక గ్లాసు మంచినీళ్లు తాగడం, ఖాళీ కడుపుతో కాకుండా ఏదో ఒకటి తిని తాగడం మేలు చేసేవే కదా.

ఓవర్‌ల్యాండ్ పార్క్ నివాసి:

పొగాకు విషయంలో మీతో నాకు తేడా లేదు. ఆ మినహాయింపును తీసేసి, దాని స్థానంలో నీళ్లు, ఐస్, మద్యంతో పాటు తినే చిరుతిళ్లు చేర్చమని మన ప్రతినిధికి వినతిపత్రం రాస్తే నేను సంతకం పెడతాను. పాలు, రొట్టెలు, పిల్లల చాక్లెట్లు అందులో ఉంటే పెట్టను. ముసాయిదా మీరే రాసి ఇక్కడ ఉంచండి.