అప్‌డేట్: హార్వెస్టర్ పొడవు కొలతలో తేడా పోయింది

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర మా జామాయిల్ తోటలో, ప్రొక్లెయిన్‌కి బిగించిన హార్వెస్టర్ హెడ్ (చెట్టును పట్టుకుని కోసి, దుంగలుగా నరికే భాగం) గురించి పోయిన నెల అడిగాను కదా. స్క్రీన్ 3 మీటర్లు అంటుంది, టేపు పెడితే ఒక దుంగ 3.03, ఇంకోటి 3.11.

తప్పు కంప్యూటర్‌ది కాదు. "తేడా అన్నిటికీ ఒకేలా ఉంటే కాలిబ్రేషన్ (కంప్యూటర్ కొలతను టేపుతో పోల్చి దిద్దడం) చెయ్యండి, ఒక్కోదానికి ఒక్కోలా ఉంటే ముందు హెడ్ చూడండి" అని మీలో ఒకరు చెప్పారు. ఆ మాటే దారి చూపింది. విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చిన మెకానిక్ స్క్రీన్ జోలికే పోలేదు. "బాబూ, ముందు ఆ చక్రం సంగతి చూద్దాం" అన్నారు. పొడవు కొలిచే పళ్ల చక్రం వెనక, దాని చెయ్యి మడిచే చోట, జామాయిల్ బెరడు నార తాడులా పేనుకుపోయి ఉంది. చక్రం మానుకు గట్టిగా ఆనడం లేదు. అది జారినప్పుడల్లా, తిరిగే కొద్దీ కంప్యూటర్‌కి వెళ్లే పల్సులు (పొడవు లెక్కపెట్టే సిగ్నళ్లు) తగ్గుతాయి, కంప్యూటర్ పొడవు ఇంకా చాలలేదనుకుని మానును ముందుకు తోస్తుంది. దుంగలు పొడుగు రావడానికి కారణం అదే.

నార కోసి తీశాక, నేను కంగారులో ఒక్క దుంగ కొలిచి మార్చేసిన కాలిబ్రేషన్ విలువను పాతదానికి తెచ్చాం. తర్వాత సన్నవీ లావువీ కలిపి పది మాన్లు కోసి, టేపుతో కొలిచి సరిచేశాం. వ్యాసం కత్తుల దగ్గర సెన్సర్ చూసుకుంటుంది కాబట్టి దాన్ని కాలిపర్‌తో (మాను మందం కొలిచే పనిముట్టు), అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి సరిచూశాం.

ఇప్పుడు తేడా 2 సెంటీమీటర్లు దాటడం లేదు. రోజూ పొద్దున ఇంజన్ ఆపి ఉండగానే చక్రం శుభ్రం చేస్తున్నాం. మీ అందరికీ నిజంగా రుణపడి ఉన్నాను.