అప్‌డేట్: రెండేళ్ల నర్సింగే చేశాను

టెక్సస్‌లో ఉంటున్నాం, గ్రీన్‌కార్డు వచ్చింది, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ నర్సింగ్ చేయాలా, నాలుగేళ్ల బీఎస్‌ఎన్‌కి (నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ) వెళ్లాలా అని అప్పట్లో అడిగాను కదా. రెండేళ్లదే చేశాను. రెండేళ్లని పేరుకే! అనాటమీ, మైక్రోబయాలజీ లాంటి ముందస్తు కోర్సులు కలిపితే మూడేళ్లు దాటింది. ఫీజు కన్నా పాప డేకేర్‌కే ఎక్కువైంది. ఆ లెక్క ముందు వేసుకోలేదు.

లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష, ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్సు రెండు డిగ్రీలకీ ఒకటే. అయినా ఒక పెద్ద ఆసుపత్రి బీఎస్‌ఎన్ లేదని పక్కన పెట్టేసింది. చివరికి రిహాబ్ సెంటర్‌లో నైట్ షిఫ్ట్ దొరికింది. 2024 మేలో అమెరికా ఆర్‌ఎన్‌ల మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లు. నాది అంతకు తక్కువే, కానీ చదువు అప్పు లేదు. జనవరి నుంచి ఆన్‌లైన్‌లో బీఎస్‌ఎన్ మొదలుపెడుతున్నా, ఫీజులో కొంత రిహాబ్ సెంటర్ వాళ్లే కడతామన్నారు.