లోగోలో కొండ అంటున్నాడు, మాకు చెప్పు కనిపిస్తోంది. సలహా ఇవ్వగలరా?

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, మధురవాడ. మా వదిన ఇంట్లోనే పచ్చళ్లు పట్టి అమ్ముతోంది. సీసాల లేబుల్ కోసం తెలిసిన కుర్రాడితో లోగో వేయించాం. 'ప' మీద తలకట్టును సాగదీసి డాల్ఫిన్స్ నోస్ కొండలా వంచాడు, కొసన లైట్‌హౌస్‌కి గుర్తుగా సన్నని గీత పెట్టాడు. చూడగానే విశాఖ గుర్తొస్తుందట! ఇంట్లో నలుగురికి చూపిస్తే ముగ్గురు హవాయి చెప్పు అన్నారు. నాలుగో మనిషి మా అత్తయ్య, ఆవిడ మొహమాటానికి "బాగుందమ్మా" అంది.

"ఫెడెక్స్ కొరియర్ లోగోలో బాణం మాత్రం అందరికీ కనిపిస్తుందా?" అంటాడు ఆ కుర్రాడు. నిజమే, ఇ, ఎక్స్ అక్షరాల మధ్య ఖాళీలో బాణం ఉందని ఎవరో చూపించేదాకా నాకూ తెలీదు. కానీ అది కనపడకపోయినా పేరు చక్కగా చదవొచ్చు కదా. అమెజాన్ బాణమూ అంతే, ఎ నుంచి జెడ్ దాకా అని తెలియకపోతే నవ్వు అనుకుంటాం, నష్టం లేదు. ఎల్‌ఐసీ గుర్తులోనైతే దీపానికి రెండు చేతులు అడ్డుపెట్టి ఉంటాయి, అందులో విప్పి చెప్పాల్సిందేమీ లేదు. మాది అలా కాదు, కొండ తెలియకపోతే మిగిలేది చెప్పే.

ఇలాంటివి గీసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఆ వంపు ఎక్కడ మారిస్తే కొండలా కనిపిస్తుంది? సీసా మూత మీద చిన్నగా వేస్తే ఆ గీత నిలుస్తుందా? పైగా సముద్రం అని మొత్తం నీలం వేశాడు. ఆవకాయకి నీలమేంటండీ? సోమవారం లేబుళ్లు ప్రింటింగ్‌కి ఇవ్వాలి, అదే టెన్షన్.