నాన్నగారి కంటి శుక్లం: ముదిరే వరకు ఆగాలా?

తెనాలి వాణి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు, దర్జీ పని చేస్తారు. కొంతకాలంగా ముదురు నీలం దారానికీ నల్ల దారానికీ తేడా పోల్చుకోలేకపోతున్నారు. రీలు పట్టుకుని గుమ్మం బయటికి వెళ్లి, ఎండలో ఇటూ అటూ తిప్పి చూసి, అప్పటికీ నమ్మకం కుదరక అమ్మను అడుగుతారు. రాత్రిళ్లు ఎదురుగా వచ్చే బండి దీపం చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయట. అద్దాలు మార్చినా లాభం లేదు. డాక్టరుగారు రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్నాయని, ముందు కుడి కంటికి ఆపరేషన్ చేయించుకోమన్నారు. మా మేనత్త మాత్రం పొర బాగా ముదిరాకే తీయించాలని పట్టుబడుతున్నారు. నాన్నగారు ఆవిడ మాట జవదాటరు. ఆసుపత్రిలో మోనోఫోకల్, మల్టీఫోకల్, టోరిక్ అని లెన్సుల ధరల కాగితం కూడా ఇచ్చారు. ఏది తీసుకోవాలి? ఆయనకు షుగరు ఉంది. ప్రోస్టేటుకు మాత్రలు వాడుతున్నారు.

కంటి ఆసుపత్రి కౌన్సెలర్:
వాణిగారూ, ఆపరేషన్‌కు ముందు రోగులకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ అన్నీ విడమరిచి చెప్పడమే నా ఉద్యోగం. ముదరాలన్న మాట వినని రోజు ఉండదు.

మీ మేనత్తగారి మాట ఒకప్పుడు సబబే. అప్పట్లో కంటికి పెద్ద కోత పెట్టి, మసకబారిన కటకాన్ని (కంట్లో పుట్టుకతో ఉండే లెన్సును) పైతొడుగుతో సహా తీసేసేవారు. కుట్లు పడేవి, ఆ తర్వాత జీవితాంతం సోడాబుడ్డి అద్దాలే. అంత కష్టపడాలి కాబట్టి చూపు దాదాపు పోయేదాకా ఆగమనేవారు. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లో తొలిసారి కంటి లోపల కృత్రిమ లెన్సు అమర్చారు. 1967లో చార్లెస్ కెల్మన్ అమెరికాలో ఫేకో పద్ధతి తెచ్చారు. ఇందులో కోత 3 మిల్లీమీటర్ల లోపే. అల్ట్రాసౌండ్‌తో కటకాన్ని ముక్కలు చేసి పీల్చేస్తారు, పలుచని తొడుగును మాత్రం ఉంచి, అందులోకి మడతపెట్టిన లెన్సును జార్చి విప్పుతారు. శుక్లం ముదిరేకొద్దీ కటకం గట్టిపడుతుంది, దాన్ని పగలగొట్టడానికి ఎక్కువ శక్తి వాడాలి, కంటి ముందున్న కార్నియా వాచే అవకాశం పెరుగుతుంది. మరీ వదిలేస్తే కటకం ఉబ్బి కంట్లో ఒత్తిడి పెరగవచ్చు, అప్పుడు చూపే పోయే ప్రమాదం ఉంది. పనికి అడ్డం వచ్చిందంటే తీయించుకునే సమయం వచ్చినట్టే. దారం రంగు తెలియని దర్జీకి ఇంకా ఏం ముదరాలి?

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మీరు చివర్లో రాశారు. ఆ ప్రోస్టేటు మాత్ర టామ్సులోసిన్ అయితే సర్జన్‌గారికి తప్పకుండా చెప్పండి. దానివల్ల ఆపరేషన్ మధ్యలో కనుపాప కుంచించుకుపోవచ్చు, దాని చుట్టూ ఉండే రంగు పొర వదులై కోతలోకి జారవచ్చు. ముందే తెలిస్తే దానికి తగ్గ మందులూ పరికరాలూ సిద్ధం చేసుకుంటారు. ఎప్పుడో వాడి మానేసినా చెప్పాల్సిందే. మీ అంతట మీరు మాత్రలు ఆపవద్దు. కంటికీ ఒంట్లో మాత్రకూ ఏం సంబంధమని చాలామంది ఈ సంగతి దాటేస్తారు, నాకు బాధ కలిగేది అక్కడే.

ఇక లెన్సు. మోనోఫోకల్ ఒకే దూరానికి స్పష్టంగా చూపిస్తుంది. మామూలుగా దూరపు చూపుకు పెడతారు, దగ్గరకు అద్దాలు వాడాలి. నాన్నగారు పగలంతా సూది దగ్గరే ఉంటారు కనుక దగ్గర చూపుకు పెట్టించుకుని, దూరానికి అద్దాలు వాడవచ్చేమో కొలతలు తీసే రోజే అడగండి. ఆయన పనేమిటో డాక్టరుకు తెలియకపోతే ఈ మాటే రాదు. మల్టీఫోకల్‌తో అద్దాల అవసరం తగ్గుతుంది కానీ, రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు, మసక వెలుతురులో రంగుల తేడా పలుచబడవచ్చు. షుగరు వల్ల రెటీనా (కంటి వెనుక ఉండే చూపు పొర) దెబ్బతిని ఉంటే సాధారణంగా వద్దంటారు. కాబట్టి ముందు రెటీనా పరీక్ష చేయించండి. టోరిక్ సిలిండర్ పవరు, అంటే కార్నియా వంపు అన్నివైపులా ఒకేలా లేక వచ్చే దోషం, ఉన్నవారికే. ఖరీదైనదే మంచిదని అప్పు చేయవద్దు.

నల్గొండ మాస్టారు:
అమ్మా, నేను రెండు కళ్లకూ చేయించుకున్నాను. చుక్కల మందు వేసి మొద్దుబార్చారు. నొప్పి లేదు, వెలుతురు కదలడం, నీళ్లు పోసిన చల్లదనం తెలిశాయి. మర్నాడు కట్టు విప్పాక మా ఇంటి గోడ తెల్లగా ఉందని తెలిసింది. అన్నాళ్లూ అది లేతపసుపు అనుకున్నాను. తర్వాత కొన్నేళ్లకు ఒక కంట్లో మళ్లీ మసక వచ్చింది. శుక్లం తిరిగి రాదట, లెన్సు వెనుక ఉంచిన తొడుగు మసకబారుతుందట. యాగ్ లేజర్‌తో కాసేపట్లో సరిచేశారు. మీ నాన్నగారికి ఇది ముందే చెప్పి ఉంచండి, నాకెవరూ చెప్పక కంగారుపడ్డాను.

తెనాలి వాణి:
మాత్ర చీటీ చూశాను, టామ్సులోసినే. రేపే ఫోను చేసి చెబుతాను. మేనత్తకు మీ జవాబు చదివి వినిపించాను. రెటీనా పరీక్షకు తానూ వస్తానన్నారు. మరి మిషను మీద మళ్లీ ఎప్పుడు కూర్చోవచ్చు?

కంటి ఆసుపత్రి కౌన్సెలర్:
మర్నాటి పరీక్ష బాగుంటే చాలామంది కొద్ది రోజుల్లోనే తేలికపాటి పనికి వెళ్తారు, తేదీ మాత్రం డాక్టరునే అడగండి. బట్టల నూగు కంట్లో పడకుండా రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. కన్ను నలపకూడదు, తలస్నానం చెప్పేదాకా వద్దు. చుక్కల మందు కొన్ని వారాలు వేళ తప్పకుండా వేయాలి, కొత్త అద్దాల పవరు ఆ తర్వాతే రాస్తారు. నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడినా, వచ్చిన చూపు తగ్గినా తెల్లవారేదాకా ఆగవద్దు. అర్ధరాత్రయినా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తీసుకెళ్లండి.