అప్‌డేట్: అమ్మకి గుండె పట్టేస్తోందని అడిగాను కదా

రాత్రిళ్లు అమ్మకి గుండె పట్టేసినట్టై, చేతులు తిమ్మిర్లెక్కుతున్నాయి, ఈసీజీ, ఎకో, ట్రోపోనిన్ (గుండె దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష) అన్నీ నార్మలే, ఇంకెక్కడ చూపించాలి అని అడిగాను. మీలో చాలామంది చెప్పినట్టే థైరాయిడ్ టెస్ట్ కూడా చేయించి (అదీ నార్మలే), సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాం. పానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి తీవ్రమైన భయం మళ్లీ మళ్లీ ముంచుకొచ్చే సమస్య) అన్నారు.

"నాకేమైనా పిచ్చా?" అని అమ్మ ఆటోలోనే మొహం తిప్పేసుకుంది. డాక్టరుగారు మాత్రం ఓపిగ్గా చెప్పారు: భయంలో అడ్రినలిన్ పెరిగి గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి గబగబా తీసుకుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, ఆ తిమ్మిర్లు దానివల్లే. 'అన్నీ నటనలు' అనే మా పెదనాన్న కూడా పక్కనుండి వింటే బాగుండేది!

ఎస్సిటాలోప్రామ్ అనే ఆందోళన తగ్గించే మందు తక్కువ డోసుతో మొదలుపెట్టారు. మొదట్లో కంగారు కాస్త పెరగొచ్చు, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, సొంతంగా ఆపొద్దు అన్నారు. అన్నట్టే ముందు ఎక్కువైంది, ఇప్పుడు చాలా నయం. సాయంత్రం కాఫీ మాన్పించినందుకు మాత్రం రోజూ పోట్లాటే.

ఖర్చు గురించి అడిగినవాళ్లకి: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. కొత్తగా ఛాతీ నొప్పి వస్తే మాత్రం పానిక్ అనుకుని కూర్చోకుండా ముందు ఈసీజీ తీయించండి.