అప్‌డేట్: చిన్న ఫ్రిజ్‌లో మంచు గడ్డలు, కింద నీళ్లు

మిర్యాలగూడలో మా సింగిల్ డోర్ ఫ్రిజ్ గురించి అడిగాను కదా: ఫ్రీజర్ నిండా మంచు పేరుకుంటోంది, కూరగాయల డబ్బాలో నీళ్లు నిలుస్తున్నాయి, మెకానిక్ ఏమో గ్యాస్ నింపాలంటున్నాడని. గ్యాస్ బాగానే ఉంది. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్.

దోషం తలుపు రబ్బరుది. మీరన్నట్టే పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి లాగి చూశాను. మిగతా చోట్ల గట్టిగా పట్టుకుంది, కింది మూలలో మాత్రం జారి వచ్చేసింది. అక్కడి నుంచి బయటి గాలి లోపలికి పోయి, అందులోని తేమ మంచుగా మారుతోందన్నమాట. సబ్బునీళ్లతో జిడ్డు తుడిచినా లాభం లేదు, రబ్బరు చీలింది. అదే మోడల్‌ది కొత్తది వేయించాం.

మంచు కరగడానికి ప్లగ్ తీసి, రాత్రంతా తలుపు తెరిచి పెట్టాం. గీకేద్దామని అత్తమ్మ కత్తి తెచ్చింది. ఆపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది! గ్యాస్ తిరిగే ఆ పలుచటి ఫ్రీజర్ రేకుకు చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. మళ్లీ పావు అంగుళం మందం పేరుకోగానే కరిగిస్తాం.

డబ్బాలో నీళ్లకు కారణం, ఫ్రిజ్ లోపల వెనక గోడ కింద నీళ్లు బయటికి పోయే రంధ్రంలో ఇరుక్కున్న కొత్తిమీర.

గోడకు ఆనించిన ఫ్రిజ్‌ను కాస్త ముందుకు జరిపాం, వెనక జాలీ మీది దుమ్ము దులిపాం. ఇప్పుడు లోపల థర్మామీటర్ 4 డిగ్రీలు చూపిస్తోంది. నాబ్ మధ్యలోనే ఉంది. మే ఎండలకు ఒక నంబరు పెంచాల్సి రావచ్చు. స్టెబిలైజర్ మాత్రం ఇంకా కొనలేదు.