అప్‌డేట్: ఇయర్‌ఫోన్స్‌లో ర్యాపర్ గొంతు మాయం, కారణం దొరికింది

పోయిన నెల అడిగింది నేనే. ర్యాపర్ హనుమాన్‌కైండ్ పాట 'బిగ్ డాగ్స్' పెడితే గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది, బేస్ అసలే లేదు అని. (ఆ పాట వీడియోలో సర్కస్ 'మృత్యుబావి'లో తిరిగేది బైకులు, కార్లు కదా, గొంతు కాదు!)

జాక్ (ఇయర్‌ఫోన్ పిన్ను) చూడమన్నాయన చెప్పిందే కరెక్ట్, చాలా థాంక్స్ అన్నా. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో రిపేరు కుర్రాడు టార్చ్ వేసి, ఫోన్ రంధ్రంలోంచి సూదితో గోళీ అంత జేబు నూలు లాగాడు. జాక్ పూర్తిగా దిగక గ్రౌండ్ (రెండు చెవులకీ ఉమ్మడిగా ఉండే కనెక్షన్) తగలట్లేదట. అప్పుడు రెండు చెవుల్లోనూ సమానంగా ఉండే శబ్దం కొట్టుకుపోతుంది. ర్యాప్‌లో గొంతూ బేసూ రెండూ నడిమధ్యే, అంటే రెండు చెవుల్లోనూ సమానంగా ఉంటాయి, అందుకే దెబ్బ వాటికే. సినిమా మెలొడీల్లో నాకంత తెలియలేదు.

ఈక్వలైజర్, యాప్ తీసి మళ్లీ వేయడం, హై క్వాలిటీ... ఇవన్నీ సంబంధం లేనివే. 'మిక్సింగే చెత్త' అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఈ పాట ప్రొడ్యూసర్ కల్మీ కట్టిన బీట్ ఇప్పుడు వింటుంటే ఛాతీలో కొడుతోంది. 2024లో అమెరికా పాటల చార్ట్ బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానం దాకా ఎందుకెళ్లిందో ఇప్పుడర్థమైంది.

ఇదే సమస్య ఉన్నోళ్లు జాక్ గట్టిగా నొక్కి పట్టి వినండి. గొంతు తిరిగొస్తే బహుశా నూలే.